సార్ ఉన్నారా?

పరిశోధక విద్యార్థి ప్రగతి మీద గైడు ప్రభావం ఎంత ఉంటుందని ఆ మధ్య ఒక సెమినార్‌లో పెద్దలు రెండు పూటలు చర్చించారు. మధ్యలో భోజనం చేసి, ఈ అంశం మీద ఇంకా పరిశోధన జరగాలని తేల్చారు. నన్నడిగితే రెండు నిమిషాల్లో చెప్పేవాణ్ని. డిపార్ట్‌మెంట్ వరండాలో స్కాలర్లు ఎదురుపడినప్పుడు ఏం మాట్లాడుకుంటారో వింటే చాలు. చాప్టర్ ఎంతవరకు వచ్చిందని ఎవరూ అడగరు. "సార్ ఉన్నారా? మూడ్ ఎలా ఉంది?" అంటారు.

ఆ మూడ్ కనిపెట్టడం పెద్ద శాస్త్రం. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా సీనియర్ ఒకాయన, సార్ స్కూటర్‌కి స్టాండ్ వేసే చప్పుడును బట్టి చెప్పేసేవాడు. ఒక్క తన్నుకు పడితే సంతకానికి వెళ్లొచ్చు. రెండు తన్నులు వినబడ్డాయంటే ఫైలు తిరిగి సంచిలోకి. ఆయన టాపిక్ గ్రామీణ రుణాలు. స్టాండ్ మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు రుణాల మీద పెట్టి ఉంటే ఈపాటికి రైతుల బాకీలన్నీ తీరిపోయేవి.

యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే యూజీసీ వారి 2022 నిబంధనల ప్రకారం ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురికి మించి పీహెచ్‌డీ స్కాలర్లు ఉండకూడదు. ఎవరు లెక్క వేశారో గానీ సంసారం తెలిసినవాళ్లే వేశారు. జవాబు పత్రాల మార్కులు కూడటానికి ఒకరు, స్టేషన్ నుంచి అతిథిని తేవడానికి ఒకరు, పిల్లవాడికి లెక్కలు చెప్పడానికి ఒకరు, ఇల్లు కడుతున్నచోట ఇసుక లారీలు లెక్కపెట్టడానికి ఇద్దరు. పోగా మిగిలినవాళ్లు పరిశోధన చేసుకోవచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఇంకా స్థలమే కొనలేదు కాబట్టి ఆయనకు నలుగురు సరిపోతారు. గడువు కూడా అలాగే పెట్టారు. తక్కువలో తక్కువ మూడేళ్లు, ఎక్కువంటే ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్ చేయిస్తే ఇంకో రెండు. స్లాబు పడి, గృహప్రవేశమై, పైన ఒక పోర్షన్ లేపేదాకా చాలు.

ఇదంతా ఈ కాలపు పోకడ అనుకునేవాళ్లు వ్యాస భారతంలో ఆదిపర్వం తిరగేయాలి. ధౌమ్యుడనే గైడు ఉపమన్యువనే స్కాలర్‌ని ఆవుల్ని మేపమన్నాడు. ఎండలో తిరిగినా కుర్రాడు చిక్కలేదు. ఏం తింటున్నావన్నాడు గురువు. భిక్ష అన్నాడు. అది నాకిచ్చెయ్ అన్నాడు. రెండోసారి అడుక్కుంటే, పక్కవాళ్ల నోటి దగ్గర కూడు లాగుతున్నావన్నాడు. ఆవుపాలు తాగితే, ఎవరినడిగి తాగావన్నాడు. ఆఖరికి దూడల మూతికంటిన నురగ కూడా వద్దన్నాడు. కుర్రాడు జిల్లేడాకులు తిని, కళ్లు పోయి, బావిలో పడ్డాడు. అశ్వినీదేవతలు వచ్చి అప్పం పెడితే, గురువుగారికి పెట్టకుండా ముట్టనన్నాడు. కళ్లొచ్చాయి. మెచ్చిన గురువు వేదాలన్నీ నీకు వచ్చేస్తాయని దీవించాడు. మొత్తం కథలో ఒక్క పాఠం లేదు చూడండి. కోర్స్‌వర్క్ కూడా లేదు. పట్టా మాత్రం చేతికొచ్చింది.

ఇప్పటి స్కాలర్‌కి జిల్లేడాకులతో పనిలేదు, నిజమే. జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన భృతి ఉంటే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్లయ్యాక దాని పై మెట్టు ఎస్‌ఆర్‌ఎఫ్‌కి మారితే 42,000. మారాలంటే పని బాగుందని ఒక కమిటీ చెప్పాలి. అందులో గైడు ఉంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వాలని మనవాళ్లు ఊరికే అనలేదు.

నా మీద మా గైడు ప్రభావం గురించి కూడా చెప్పాలి. మూడో చాప్టర్ ఇచ్చి నాలుగు నెలలు ఆగాను. తిరిగొచ్చింది. పైన టీ గ్లాసు గుండ్రం, పక్కనే ఎర్ర సిరాతో "లోతు చాలదు" అని రాత. కట్టకు నేను కట్టిన తెల్లదారం మాత్రం, నా ముడితో సహా, అలాగే ఉంది. మా ఊళ్లో బావి గట్టు మీద నిలబడి నీళ్లెంత లోతో చెప్పే ముసలాళ్లను చూశాను గానీ, మూత తీయకుండా చెప్పినవాళ్లను చూడలేదు. రెండు వారాలు ఆలోచించి, ఒక్క అక్షరం మార్చకుండా డబుల్ స్పేసింగ్‌లో మళ్లీ టైప్ కొట్టించి ఇచ్చాను. "చూశావా, ఇప్పుడు లోతొచ్చింది" అన్నారు సార్.

ప్రతి పేజీ చదివి, మార్జిన్‌లో పెన్సిల్‌తో తగువు పెట్టుకునే గైడులు కూడా లేకపోలేదు. వాళ్ల స్కాలర్ల బాధ చూడలేం. పాపం, మళ్లీ రాయాల్సి వస్తుంది.

థీసిస్ ఇచ్చేముందు జర్నల్‌లో పరిశోధన పేపర్ అచ్చయి తీరాలన్న నిబంధనను 2022లో తీసేశారు. స్కాలర్లకు బరువు తగ్గిందని అందరూ సంబరపడ్డారు. గైడు ప్రమోషన్‌కి పేపర్లు కావాలన్న సంగతి ఒక్కరికీ గుర్తురాలేదు. మేమే గుర్తుచేయాల్సి వస్తోంది.

అవును, మేమే. నేనిప్పుడు ప్రొఫెసర్‌ని. ఇంటి మీద రెండో అంతస్తు లేస్తోంది. ఈ వ్యాసం టైప్ చేసింది మా స్కాలరే. ఉపమన్యువు దగ్గరకొచ్చేసరికి అమ్మాయి కాసేపు చేతులాపింది. "ఏమ్మా, ఏమైనా తప్పుందా?" అన్నాను. "లేదు సార్, చాలా బాగుంది" అంది. పైన తన పేరు కూడా వేయమంటుందేమోనని చూశాను. అడగలేదు. పైకొస్తుంది.