ఆ అలబామా రిగ్ మెసేజ్‌ని ఇక ఫార్వర్డ్ చేయకండి

ఈ నెలలో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్. మొదట మా డాలస్ ఫిషింగ్ గ్రూపులో, తర్వాత ఆఫీసు ఫ్రెండ్ దగ్గర్నుంచి, ఆ తర్వాత ఫ్రిస్కోలో ఉండే మా బావ దగ్గర్నుంచి, మొన్న రాత్రి మళ్లీ గ్రూపులోనే ఇంకొకరు. "అలబామా రిగ్ వాడే తెలుగువాళ్లకు ముఖ్య గమనిక, అందరికీ పంపండి" అని మొదలై ఆరు పాయింట్లుంటాయి. అలబామా రిగ్ అంటే ఒకే లైనుకి అయిదు తీగలు గొడుగులా విచ్చుకుని, ఒక్కో తీగ చివర హుక్కుతో ఒక లూర్, అంటే బొమ్మ ఎర, వేలాడే గాలం. మూడుసార్లు చూసి ఊరుకున్నాను. కానీ నిన్న, ఇక్కడ మాతో కలిసి ఫిషింగ్‌కి వచ్చి ఉద్యోగం మారి టెన్నెసీలోని నాష్‌విల్ వెళ్లిపోయిన తమ్ముడు ఒకతను ఫోన్ చేసి, "అన్నా, టెక్సాస్‌లో వేసిన రిగ్గే ఇక్కడా వేసుకోవచ్చట కదా, మెసేజ్‌లో ఉంది" అన్నాడు. ఇక ఊరుకోలేక రాస్తున్నాను.

మొదటి పాయింటు: "అలబామా రిగ్ అమెరికా అంతటా బ్యాన్, రాడ్‌కి కట్టి కనిపిస్తే 500 డాలర్ల ఫైన్." అబద్ధం. టెక్సాస్‌లో అయిదు హుక్‌లతో హాయిగా వేసుకోవచ్చు, ఇక్కడ మంచినీటి చెరువుల్లో లెక్క మనిషికి అన్ని సాధనాలూ కలిపి 100 హుక్‌లు. ఆ 500 ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్తాను. టెక్సాస్‌లో ఫిషింగ్ రూల్ తప్పడం లాంటి చిన్న నేరాలకి, అంటే క్లాస్ సి నేరాలకి, జరిమానా 25 నుంచి 500 డాలర్ల దాకా ఉంటుంది, ఎవరో ఆ పై అంకె పట్టుకుని దేశమంతటికీ అతికించారు.

రెండోది: "బాస్‌మాస్టర్ వాళ్లే బ్యాన్ చేశారు, కాబట్టి చట్టప్రకారం నేరం." ఇది మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టడం. బాస్‌మాస్టర్ అంటే బాస్ అనే చేపలు పట్టే పోటీలు నడిపే సంస్థ. 2011 అక్టోబరులో గంటర్స్‌విల్ సరస్సు మీద పాల్ ఎలియాస్ అనే పోటీదారు ఈ రిగ్‌తో నాలుగు రోజుల్లో వంద పౌండ్లకు పైగా బాస్ తూచి టోర్నమెంట్ గెలిచాక దేశమంతా దీని వెనక పడింది, మరుసటి ఏడాది నుంచి బాస్‌మాస్టర్ తన పెద్ద పోటీలైన ఎలీట్ సిరీస్‌లోనూ క్లాసిక్‌లోనూ దీన్ని వద్దంది. అది వాళ్ల పోటీ రూలు. శనివారం పొద్దున ఇక్కడి రే రాబర్ట్స్ సరస్సులో పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వేసుకునే మనిషికి దాంతో ఏం సంబంధం?

మూడోది: "ట్రెబుల్ హుక్ అంటే మూడు హుక్‌లు, కాబట్టి ఒక్క క్రాంక్‌బైట్ వేసినా లిమిట్ దాటేస్తారు." క్రాంక్‌బైట్ అంటే ట్రెబుల్ హుక్‌లు తగిలించిన ఒక బొమ్మ చేప, అలాంటి ఒక్క లూర్‌కి ఒకటికన్నా ఎక్కువ హుక్‌లున్నా మిన్నెసోటా రూల్సు ఒప్పుకుంటాయి. కాలిఫోర్నియాలో లైనుకి మూడు లూర్‌ల దాకా పెట్టొచ్చు, ఒక్కో లూర్‌కి మూడు హుక్‌లు ఉండొచ్చని రూల్లోనే రాసి ఉంది.

అయిదోది, "అయిదు లూర్‌లుంటే రోజుకి అయిదింతల చేపలు పట్టుకోవచ్చు" అన్నది. టెక్సాస్‌లో లార్జ్‌మౌత్ బాస్ రోజుకి మనిషికి అయిదు. ఏ రిగ్‌తో పట్టినా అయిదే.

నాలుగోది కావాలనే అయిదోదాని తర్వాతకి ఉంచాను. ఇదీ ఆ వాక్యం: "మీ హోమ్ స్టేట్‌లో లీగల్ అయితే చాలు, పక్క రాష్ట్రంలో నాన్ రెసిడెంట్ లైసెన్స్ కొనుక్కుని మీ రిగ్ మీరు వేసుకోవచ్చు, బయటివాళ్లకి వార్డెన్ వార్నింగ్ ఇచ్చి వదిలేస్తాడు." మొదటి పాయింటులో దేశమంతా బ్యాన్ అన్నారు, నాలుగోదానికి వచ్చేసరికి హోమ్ స్టేట్‌లో లీగల్ అంటున్నారు. ఫార్వర్డ్ చేసిన నలుగురిలో ఒక్కరైనా పైనుంచి కింది దాకా చదివారా?

ఏ నీళ్లలో గాలం వేస్తే ఆ రాష్ట్రం రూలే వర్తిస్తుంది. ఏ రాష్ట్రంలో ఉంటావు, కారు నంబర్ ప్లేట్ ఏ ఊరిది అన్నది చేపకి పట్టదు, ఫిషింగ్ రూల్స్ చూసే అధికారి వార్డెన్‌కీ పట్టదు. టెన్నెసీలో ఈ రిగ్ వేసుకోవచ్చు, కానీ దాని మీద మూడు హుక్‌లే ఉండాలి. అంటే టెక్సాస్‌లో రోజూ వేసే అయిదు హుక్‌ల రిగ్ అక్కడ నేరం. విస్కాన్సిన్‌లో మనిషికి మొత్తం మూడు హుక్‌లు, ఎరలు లేదా లూర్‌లు, కాబట్టి మూడు హుక్‌ల రిగ్ ఒకటి నీళ్లలో ఉంటే రెండో రాడ్ వేయడానికి లేదు. మిషిగన్‌లో అన్ని లైన్లూ కలిపి ఆరు. మిన్నెసోటాలో అయిదు తీగల్లో ఒక్కదానికే హుక్కు, మిగతావి హుక్కు లేని ఉత్త బొమ్మ చేపలు. పిక్‌విక్ సరస్సు చూడండి, అలబామా, మిసిసిపి, టెన్నెసీ మూడు రాష్ట్రాల్లో ఉంది. అలబామా వైపు అయిదు హుక్‌లతో వేస్తూ బోటు టెన్నెసీ వైపు జరిగితే, రెండు హుక్‌లు తీసేదాకా రిగ్ నీళ్లలో పడకూడదు.

"వార్నింగ్ ఇచ్చి వదిలేస్తాడు" అన్న మాట ఎవరి అనుభవం? ఎవరికో ఒకరికి జరిగి ఉండొచ్చు, దాన్ని పట్టుకుని వీసా మీద ఉన్న పిల్లలకి రూలులా చెప్తారా? వార్డెన్ రాసిన టికెట్‌ని స్పీడింగ్ టికెట్ లాంటిదేలే అనుకుని కట్టకుండా వదిలేస్తే, రాష్ట్రాల మధ్య వైల్డ్‌లైఫ్ వయొలేటర్ కాంపాక్ట్ అని ఒక ఒప్పందం ఉంది, దాదాపు అన్ని రాష్ట్రాలూ అందులో ఉన్నాయి, అక్కడ వదిలేసిన టికెట్‌కి ఇక్కడ లైసెన్స్ పోవచ్చు. రూలు తప్పి పట్టిన చేపని ఐస్‌బాక్సులో పెట్టుకుని రాష్ట్రం దాటించారా, అది లేసీ చట్టం కిందికి వస్తుంది, ఫెడరల్ వ్యవహారం. రేపు సిటిజన్‌షిప్ ఫారం నింపేటప్పుడు ఎప్పుడైనా ఏ అధికారైనా టికెట్ రాశాడా అన్న ప్రశ్న ఉంటుంది. రెండు హుక్‌ల కోసం ఆ టెన్షన్ జీవితాంతం మోయాలా? ఇంటికి దూరంగా, ఇంకా ఊరు కూడా పూర్తిగా తెలియని కుర్రాడికి ఈ సలహా ఇచ్చినవాళ్ల మీద నాకు నిజంగా కోపంగా ఉంది.

ఇక ఆరోది. "ఈ రిగ్ చేపకి అన్యాయం, అయిదు హుక్‌లు వద్దు." ఇది చదివి కొట్టిపారేద్దామనే కూర్చున్నాను, కానీ నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ల కిందట జనవరిలో రే రాబర్ట్స్‌లో షాడ్ అనే చిన్న చేపల గుంపు కింద నిలబడ్డ బాస్‌లు ఒకేసారి రెండు తగిలాయి. చాలా సంబరపడ్డాను. పైకి లాగి చూస్తే రెండోది నోటితో అందుకోలేదు, మొదటి చేప గింజుకుంటుంటే ఊగిన ఖాళీ హుక్ దాని కంట్లో దిగింది. నీళ్లలోకి వదిలాను, బతికి ఉంటుందని మాత్రం అనుకోను. టెక్సాస్ చట్టప్రకారం నేను చేసింది పూర్తిగా సక్రమం. అయినా ఆ రోజు నుంచి నా రిగ్ మీద రెండే హుక్‌లు, మూడు బొమ్మలు. చేపలేం తగ్గలేదు, గుంపు కనిపిస్తే చాలు బాస్ వస్తుంది, అది కొట్టేది ఎక్కువసార్లు మధ్య తీగ మీదున్న పెద్దదాన్నే. టెక్సాస్ కూడా మూడు హుక్‌లకి తగ్గిస్తే నేనైతే వద్దనను. మెసేజ్ రాసినవాళ్లు ఈ ఒక్క మాట రాసి ఆపేసి ఉంటే నేనే అందరికీ పంపేవాణ్ని.

నిన్న ఆ తమ్ముడు శనివారం పెర్సీ ప్రీస్ట్ సరస్సుకి వెళ్తున్నానన్నాడు. వీడియో కాల్‌లో టాకిల్ బాక్స్ తెరిపించి, కింది రెండు తీగల మీది హుక్‌లు కట్టర్‌తో తీయించి, టెన్నెసీ వైల్డ్‌లైఫ్ వాళ్ల ఈ ఏటి రూల్స్ గైడ్ ఫోన్‌లోకి దింపించాను. గ్రూపులో ఆ మెసేజ్ పెట్టినవాళ్లు దయచేసి ఇవాళ రాత్రికల్లా డిలీట్ చేయండి.