పొట్ట కోశారు సరే, చుట్టాలనేం చేస్తారు?

బరువు తగ్గించే ఆపరేషన్ విషయంలో వైద్యశాస్త్రం పని సగంలో ఆపేసిందని కడప జిల్లా అనుభవం మీద గట్టిగా చెప్పగలను. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ అని పేరు పెట్టి డాక్టర్లు జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కత్తిరించి తీసేస్తారు. మిగిలేది అరటిపండు ఆకారంలో ఒక సన్నటి గొట్టం. మొదట్లో దాంట్లో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు, అంటే ఏడురోడ్ల దగ్గర టీ కొట్లో ఇచ్చే గ్లాసుతో ఒకటో, ఒకటిన్నరో. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది కోసేసిన భాగంలోనే గనక ఆకలి కూడా తగ్గుతుంది. ఇంతవరకు శాస్త్రం మెచ్చుకోదగ్గదే. కానీ పేషెంటును థియేటర్లోకి తీసుకుపోయాక బయట బెంచీ మీద కూర్చున్న పెద్దమ్మ, ఇద్దరు చిన్నాయనలు, మేనత్త సంగతేంది? వాళ్ల వడ్డన సామర్థ్యంలో ఒక్క శాతం కూడా ఎవరూ కత్తిరించలేదు. కనీసం మత్తు కూడా ఇవ్వలేదు.

మా బావ సంగతే తీసుకుందాం. ప్రొద్దుటూరులో సిమెంటు వ్యాపారం, కడపలో ఇల్లు, ఒంట్లో షుగరు, బీపీ, రాత్రయితే పక్కింటివాళ్లను లేపే గురక. ఆసియా వాళ్లకు బీఎంఐ, అంటే ఎత్తును బట్టి బరువు చూసే లెక్క, 27.5 దాటితే ఈ ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. (ఆ లెక్కన మా ఊరి ఏ పెండ్లిలోనైనా రెండో బంతి మొత్తానికి మొత్తం అర్హత సాధిస్తుంది.) బావ హైదరాబాదు పోయి చేయించుకుని వచ్చాడు. వస్తూ వస్తూ రంగురంగుల డైట్ చార్ట్ ఒకటి తెచ్చాడు. అందులో బ్రొకోలీ ఉంది, అవకాడో ఉంది, గ్రీకు దేశపు పెరుగు ఉంది. సంగటి లేదు, ఉగ్గాని లేదు, పప్పుచారు లేదు. తుంగభద్ర దాటినాక మనుషులు భోంచేయరని ఆ చార్ట్ రాసినవాళ్ల నమ్మకం కాబోలు.

మొదటి రెండు వారాలు ద్రవాలే తీసుకోవాలని చార్టులో మొదటి పేజీ. వడగట్టిన పప్పుకట్టు, పలచటి మజ్జిగ లాంటివి డాక్టరు ఉద్దేశం. దీని మీద ఇంట్లో సుదీర్ఘంగా చర్చ జరిగింది. "జారేదైతే సాలు గదా" అని పెద్దమ్మ సేమ్యా పాయసం చేసింది. నాటుకోడి పులుసులో ముక్కలు తీసేస్తే మిగిలేది నీళ్లేనని పెద్ద చిన్నాయన వాదన. మేనత్త నన్నారి షర్బత్ తెచ్చి, ఇది చలువ గనక ఏ ఆపరేషనూ దీన్ని వద్దనదని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత మెత్తగా రుబ్బినవి, ఆ తర్వాత మెత్తగా ఉడికినవి, మామూలు తిండికి వచ్చేసరికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టాలి. మావాళ్లు ఆ ప్రయాణమంతా మొదటి ఆదివారం మధ్యాహ్నానికే ముగించాలని చూశారు.

అసలు పోరు సంగటి దగ్గర వచ్చింది. ప్రతి ముద్దనూ ఇరవై, ముప్పై సార్లు నమలాలి, భోజనానికి అరగంట తీసుకోవాలి, అన్నంతో పాటు నీళ్లు తాగకూడదు, తిన్నాక అరగంట దాకా నీళ్లు ముట్టకూడదు అని డాక్టరు ఆజ్ఞ. రాయలసీమలో సంగటిని నమలడమనేది లేదు. ముద్ద తుంచి, నడుమ బొటనవేలితో గుంట చేసి, పులుసులో ముంచి, గొంతులోకి వదిలేయడమే. పండ్లకు అక్కడ పని లేదు. పండ్లు ఊడిపోయాక కూడా మనిషి బతకాలనే పూర్వులు రాగిని ఎన్నుకున్నారని నా అనుమానం. బావ గోళీకాయంత సంగటి తుంచి నోట్లో పెట్టుకుని, కండ్లు మూసుకుని, లోపల లెక్క పెట్టుకుంటూ నములుతుంటే మా జేజి కాసేపు ఓర్చుకుంది. ఆ తర్వాత ఓర్చుకోలేదు. "ఏందిరా అది, గొడ్డు నెమరేసినట్ల? సంగటి నమిలేటోడు మన వంశంలో ఎవుడన్నా ఉన్నాడా?"

జేజిది వంశ గౌరవం, డాక్టరుది గొట్టం గొడవ. ఆ గొట్టంలో నమలని ముద్ద ఇరుక్కుంటే ఛాతీ కింద నొప్పి, నోట్లో నీళ్లూరడం, చివరికి వాంతి. అదీగాక పళ్లెంలో వరస కూడా తలకిందులు చేయాలట. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ పోవాలి గనక మొదట గుడ్డో, చేపో, కోడికూరో, పప్పో, పెరుగో తినాలి. ఆ తర్వాత కూర. చివర్లో చోటు మిగిలితే సంగటి. రాగిలో కాల్షియం బోలెడు, 100 గ్రాముల పిండిలో 340 మిల్లీగ్రాముల పైమాటే. కానీ ప్రోటీన్ ఏడు గ్రాములే. ఈ లెక్క విన్న పెద్దమ్మ, ఒక గుడ్డులో ఆరు గ్రాములని కూడా విని, అరవైని ఆరుతో భాగించి పది గుడ్లు ఒకేసారి ఉడకబెట్టింది. లెక్కల్లో ఆమెను తప్పు పట్టలేం. అనంతపురం నుంచి వచ్చిన వియ్యంకుడైతే శెనక్కాయల్లో వందకు పాతిక గ్రాములు ప్రోటీనే అని నిరూపించాడు. నిజమే. దానికి దాదాపు రెట్టింపు కొవ్వు ఉందని, ఆయన తెచ్చింది బెల్లంలో చుట్టిన ఉండలని మాత్రం ఆ నిరూపణలో రాలేదు.

ఇక కండ్లు తిరగడం. మా దగ్గర దీనికి కారణాలు రెండే: తినకపోవడం, దిష్టి తగలడం. మందులూ రెండే: చక్కెర, ఎర్రనీళ్లు. ఎర్రనీళ్లతో ఎవరికీ హాని లేదు గనక దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

మొన్న బంధువుల గృహప్రవేశంలో బావకు ఓళిగ వేశారు. వద్దన్నాడు. వద్దన్నందుకు దాని మీద నెయ్యి వేశారు. పావు ముక్క తిన్నాడు, ఇంకా సరిగ్గా చెప్పాలంటే తినిపించారు. పావుగంట గడవకముందే నుదుటి మీద చెమట పట్టింది, గుండె దడదడ కొట్టుకుంది, కడుపులో మెలిపెట్టింది. ప్లాస్టిక్ కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని పైన తిరగని ఫ్యాను కూడా తిరుగుతోందన్నట్టు చూస్తున్నాడు. శుభలేఖతో ఒకరు విసురుతున్నారు. వెనక నుంచి తీర్పు వచ్చింది: "తినకుంటే కండ్లు తిరక్క ఏమైతాది?" వెంటనే పెద్ద గ్లాసులో గ్లూకోజ్ నీళ్లు.

జరిగింది ఇది. తీపి అంతా చిన్న గొట్టంలో ఆగకుండా గబుక్కున పేగులోకి దిగింది. దాన్ని పలచన చేయడానికి పేగు రక్తంలోంచి నీళ్లు లాగింది. దాంతో దడ, చెమట, తల తిరుగుడు. తిన్న పది నిమిషాల నుంచి అరగంట లోపల వచ్చే దీన్ని డాక్టర్లు ఎర్లీ డంపింగ్ అంటారు. దాని మీద మావాళ్లు గ్లాసుడు గ్లూకోజ్ పోశారు గదా, అప్పుడు రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగిసింది, దాన్ని అణచడానికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరింది, చక్కెర అడుగుకు పోయింది. ఇది తిన్న ఒకటి నుంచి మూడు గంటల మధ్య వచ్చే లేట్ డంపింగ్. సరిగ్గా రెండో విడత కాఫీల వేళకు బావ చేతులు వణికాయి. పావు ఓళిగతో రెండు అంకాల నాటకం ఆడించిన ఘనత మా వంశానిది. బరువు తగ్గించే ఇంకో రకం ఆపరేషన్, గ్యాస్ట్రిక్ బైపాస్, చేయించుకున్నవాళ్లలో ఇది ఎక్కువ, స్లీవ్ వాళ్లలో తక్కువ అంటారు. మా చుట్టాల పట్టుదల ముందు ఆ తేడా నిలవలేదు.

ఇందులో విడ్డూరం ఏమిటంటే, ఆ ఇంటికి వచ్చినవాళ్లలో షుగరు లేని కుటుంబం లేదు. హ్యాండ్‌బ్యాగులు వెతికితే గ్లూకోమీటర్లు దొరికేవి. ఒక్కరూ తీయలేదు. సూదితో పొడిచి చూస్తే 70 కంటే తక్కువ ఉందనుకుందాం, అప్పుడు గ్లూకోజ్ ఇవ్వాల్సిందే. కానీ కొలిచి 15 గ్రాములు ఇచ్చి, పావుగంట ఆగి మళ్లీ చూసి, కుదుటపడ్డాక ప్రోటీన్ ఉన్నదేదైనా కాస్త పెట్టాలి. చూడకుండా గ్లాసుడు పోస్తే అది వైద్యం లెక్కలోకి రాదు, వడ్డన లెక్కలోకే వస్తుంది.

అన్నిసార్లూ ఓళిగే దోషి అని కూడా అనలేను. బావ బరువు తగ్గుతుంటే బీపీ కూడా తగ్గుతూ వచ్చింది. మాత్రలు మాత్రం పాతవే, పాత డోసే. మెడికల్ షాపులో ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే అదే బిళ్ల మళ్లీ ఇస్తారు, ఎవరి నడుము ఎంత తగ్గిందో వాళ్లకెందుకు? పొద్దున మంచం మీంచి లేచి నిలబడగానే కండ్ల ముందు చీకట్లు కమ్మేవి. చివరికి డాక్టరు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లో ఒకసారి బీపీ చూశాడు. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే లెక్క తేలినట్టే. బీపీ బిళ్ల తగ్గించాడు, షుగరు బిళ్ల మార్చాడు. తినకపోవడం వల్లే తల తిరుగుతోందన్న ఇంటి సిద్ధాంతానికి ఇది గట్టి దెబ్బ. అందుకే ఇంట్లో ఎవరూ దీన్ని ఒప్పుకోలేదు.

నీళ్ల గొడవ ఇంకొకటి. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోవాలి. గటగటా తాగితే పట్టదు, అన్నంతో తాగకూడదు, బయట కడప ఎండ. ఇక మిగిలిన దారి, సీసా చేతిలో పెట్టుకుని రోజంతా గుక్కగుక్కగా తాగడమే. పొద్దుగూకులూ సీసా చేతిలో, అప్పుడప్పుడూ తూలు. ఊరు ఏమనుకుందో నేను చెప్పనక్కరలేదు. (నిజంగా ఆ అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట: ఈ ఆపరేషన్ తర్వాత మందు చాలా తొందరగా, చాలా ఎక్కువగా తలకెక్కుతుంది.) బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ బిళ్లలు జన్మంతా వేసుకోవాలి. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటల ఎడం ఉండాలి. ఐరన్ బిళ్లను టీతో మింగితే సగం ఫలితం టీకే పోతుంది. మా చిన్నాయన ఇవన్నీ ఒకేసారి, ఒకే టీతో మింగించి, పని సులువు చేశానని సంతోషపడ్డాడు.

ఒక్క విషయంలో మాత్రం వేళాకోళం వద్దు. వాంతులు రోజుల తరబడి ఆగకుండా, నడక తూలుతూ, ఒకటి రెండుగా కనబడుతుంటే అది బీ1, అంటే థయమిన్ అడుగంటిన లక్షణం కావచ్చు. వీధిలో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆయన మొదట తగిలించేది గ్లూకోజ్ సీసా. థయమిన్ ఎక్కించకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే ముప్పు. స్పృహ తప్పినా, మలం నల్లగా తారు మాదిరి పోయినా అంతే, ఎర్రనీళ్లు దించి సమయం పోగొట్టకుండా పెద్దాసుపత్రికి పోవాలి.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వం వెంటనే కొన్ని చర్యలు తీసుకోవాలని కోరుతున్నాను. ఆపరేషన్‌కు ముందు సమ్మతి పత్రం మీద పేషెంటు సంతకం అనవసరం, ఆయన ఎటూ ఒప్పుకునే వచ్చాడు. సంతకం పెట్టాల్సింది పెద్దమ్మ. ఫంక్షన్ హాళ్లలో పార్కింగ్ బోర్డు పక్కన 'ఇచ్చట బలవంతం చేయబడదు' అని ఇంకో బోర్డు ఉండాలి. శుభలేఖల్లో సుముహూర్తం కింద ఆహ్వానితుడి జీర్ణాశయం ఎన్ని మిల్లీలీటర్లో రాయడానికి ఒక ఖాళీ గీత వదలాలి. చదివింపులు కూడా ఆ దామాషాలోనే తీసుకుంటే ఈ ఆపరేషన్‌కు రాయలసీమలో ఆదరణ ఎంతగా పెరుగుతుందో ఊహించుకోండి.

ప్రభుత్వం ఎటూ కదలదు గనక బావే దారి వెతుక్కున్నాడు. డాక్టరు వద్దన్నాడంటే "డాక్టర్లు అట్లనే అంటారు" అని ఓళిగ వేసే చేతులు, ఇంకొక మాటకు టక్కున ఆగుతాయని కనిపెట్టాడు. పోయిన వారం ఒక పెండ్లిలో ఆకు మీద చేయి అడ్డం పెట్టి, "దేవుని కడప స్వామికి మొక్కుకున్నా పెద్దమ్మా, తీపి ముట్టను, రెండో మారు పెట్టించుకోను" అన్నాడు. గరిటె గాల్లోనే ఆగిపోయింది. పెద్దమ్మ చెంపలేసుకుంది. అటు పక్క చిన్నాయన తన ఆకులో ఓళిగ కూడా కాస్త అవతలికి జరుపుకున్నాడు. హైదరాబాదులో అంత పెద్ద ఆసుపత్రి డిశ్చార్జి సమ్మరీలో ఈ ఒక్క వాక్యం రాయకపోవడం ఎంత నిర్లక్ష్యమో చూడండి.

బావ ఆ రోజు రెండు చెంచాల పప్పు, ఒక చేపముక్క, పెరుగు నింపాదిగా నమిలి తిని, కండ్లు తిరక్కుండా ఇంటికి వచ్చాడు. సాయంత్రం పెద్దమ్మ ఫోన్ చేసింది. మొక్కు ఎన్నాళ్లని అడిగింది. జన్మంతా అంటే బాధపడుతుందని బావ నోరుజారి ఒక సంవత్సరం అన్నాడు. ఆమె అప్పుడే వంటమనిషితో మాట్లాడేసిందట. మొక్కు తీరిన రోజు దేవళం దగ్గర రెండు వందల మందికి భోజనాలు, మొదటి ఓళిగ బావకే.