పురాతన నాగరికతల చార్టు గారికి ఒక తండ్రి విన్నపం

మహారాజశ్రీ చార్టు గారి సముఖమునకు,

విశాఖపట్నం, అక్కయ్యపాలెం నుంచి ఆరో తరగతి పిల్ల తండ్రి నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి.

ఆదివారం రాత్రి తొమ్మిదింటికి "రేపు ప్రాజెక్టు ఇవ్వాలి నాన్నా" అని మా అమ్మాయి చల్లగా చెప్పినప్పుడు, సగం దించిన షట్టరు కిందుగా దుకాణంలోకి దూరి, మిమ్మల్ని చుట్టగా చుట్టించి తెచ్చినవాణ్ణి నేనే. వేల ఏళ్ల మానవుడి కళను పావుగంటలో కత్తిరించి, అతికించి, హాయిగా నిద్రపోయే వీలు కల్పించిన మీ ఉపకారాన్ని మరచేంత కృతఘ్నుణ్ణి కాను.

అయితే చిన్న ఇబ్బంది. మొహెంజొదారో నర్తకి, గీజా మహా పిరమిడ్, ఈజిప్టు రాజు టుటంఖామన్ బంగారు ముసుగు మీలో ఒకే కొలత గడుల్లో, తపాలా బిళ్లల్లా కుదురుగా కూర్చున్నాయి. "ఏది పెద్దది నాన్నా?" అని మా అమ్మాయి అడిగింది. పిరమిడ్ కట్టిననాడు సుమారు 146 మీటర్ల ఎత్తుండేదని, 1926లో తవ్వకాల్లో దొరికిన ఆ కంచు నర్తకి ఎత్తు 10.5 సెంటీమీటర్లేనని చెప్పి, స్కేలుతో గీత గీసి చూపించాను. పిల్ల ఆ గీత మీద తన అరచెయ్యి పెట్టి కొలుచుకుని, "ఇంత చిన్నదానికి అన్ని గాజులా!" అంది.

ఆ గాజులు ఎలా వచ్చాయో మీ వెనకవైపు అచ్చువేసిన నాలుగు వాక్యాల్లో లేదు. ముందు మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి మెత్తి కాలిస్తే, మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగించిన లోహం పోసి, చల్లారాక మట్టిని పగలగొడతారు. మేమూ కరెంటు పోయిన రాత్రుల్లో మిగిలిన కొవ్వొత్తి ముక్కలను వేడినీళ్లలో మెత్తబరిచి, సన్నని తీగల్లా సాగదీసి, మేం చేసిన మైనపు బొమ్మ ఎడమచేతికి గాజులు చుట్టడానికి ప్రయత్నించాం. ఒక్క చేతికే నలభై నిమిషాలు పట్టింది. లోహం సంగతి ఎత్తగానే మా ఆవిడ స్టవ్ ఆపేసింది. బడిలో ఆ మైనపు బొమ్మ శుభ్రంగా లేదని రెండు మార్కులు కోశారు. పక్కపిల్ల తెచ్చిన మీకు మాత్రం పదికి పది వచ్చాయి. అభినందనలు.

ఈజిప్టు చిత్రకారులు గోడ మీద గళ్లు గీసుకుని, ముఖాన్నీ పాదాలనూ పక్కనుంచి, కన్నునూ భుజాలనూ ఎదుటినుంచి కనిపించేలా చిత్రించేవారు. అలా నిలబడబోయి మా అమ్మాయి అద్దం ముందు మెడ పట్టేయించుకుంది. మీరేమో ఆ గళ్లను వదిలేసి, చుట్టూ కత్తెర గుర్తులు మాత్రం వేశారు.

ఇక అసలు అలక. భీమిలి దారిలో, సముద్రానికి ఎదురుగా, రాతిలో తొలిచిన నీటి తొట్ల పేరుతోనే పిలిచే తొట్లకొండ ఉంది; అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, లింగాలకొండల మీద బండను చెక్కి మలచిన బౌద్ధ స్తూపాలున్నాయి. మీలో వీటికి ఒక్క గడీ లేదు. నైలు నది పొడవు అప్పగించే మా పిల్ల ఇంతవరకూ ఒక్క తొట్టిలోకీ వంగి చూడలేదంటే తప్పు కొంత నాదే కనుక, వచ్చే ఆదివారం బస్సెక్కి తొట్లకొండకు వెళ్తున్నాం.

వెళ్లినట్టు రుజువుగా ఫొటో అతికించి తెమ్మని బడివారు అప్పుడే చెప్పారు. దానికి ఖాళీగా ఉన్న మీ తమ్ముడొకరు కావాలి. దుకాణంలో ఉంటే పక్కన తీసి ఉంచమనగలరు.

ఇట్లు,
జిగురు మరకలు ఇంకా వదలని వేళ్లతో,
తమ విధేయుడు