ఇంటి కూటమా, గుడి గడపా?

(వందలమంది ఉన్న క్రైస్తవ సంఘం. పదీ పన్నెండు మంది చొప్పున వారానికోసారి ఇళ్లలో కూడుకుందామన్న ప్రతిపాదన రేపు పెద్దల ముందుకు వస్తోంది. కావాలంటున్నది స్త్రీల సహవాసం నడిపే సోదరి. వద్దంటున్నది ఓ సంఘపెద్ద.)

సోదరి: అన్నయ్యగారూ, మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే ఆవిడ ఎన్ని వారాలుగా రావట్లేదో చెప్పగలరా?

పెద్ద: ఎవరమ్మా ఆవిడ?

సోదరి: నేననేది అదే. ఆరు వారాలు. మంచం పట్టింది. ఆరు ఆదివారాలూ మన ఆరాధన మాత్రం చక్కగా జరిగిపోయింది.

పెద్ద: అది మా పెద్దల లోపం, ఒప్పుకుంటాను. మేం ఇళ్లకు తిరగాలి. అంతేగాని సంఘాన్ని ముక్కలు చేస్తే ఎలా?

సోదరి: ముక్కలా? పౌలు ఫిలేమోనుకు రాస్తూ అతని ఇంట్లో ఉన్న సంఘాన్ని కూడా పలకరించాడు. రోమా పత్రిక చివర చూడండి, ప్రిస్కిల్ల, అకుల ఇంట్లోనూ సంఘమే. మనం పుట్టిందే ఇళ్లలో.

పెద్ద: కార్యములు రెండో అధ్యాయంలో ఇంటింట రొట్టె విరవడం ఉంది, ప్రతిదినం దేవాలయంలో కూడుకోవడమూ ఉంది. రెండోది మీరు చదవరు! జర్మనీ పాస్టరు స్పెనర్ సంగతి తెలుసుగా. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1670లో మంచి మనసుతోనే తన ఇంట్లో కూటాలు మొదలుపెట్టాడు. చివరికి వాళ్లలోనే కొందరు సంఘంతో కలిసి ప్రభువు బల్లకు రావడం మానేశారు. చిన్న గుంపుకి ముందు వెచ్చదనం వస్తుంది, తర్వాత గర్వం వస్తుంది.

సోదరి: ఆ భయంతోనే స్వీడన్‌లో 1726లో ఇళ్లలో ప్రార్థనా కూటాల మీద చట్టమే తెచ్చారు. 1858 దాకా ఎత్తలేదు. కూటాలు ఆగాయా? సరే, ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమం నడిపిన వెస్లీ మాటేమిటి? 1742లో బ్రిస్టల్‌లో కూటపు గది మీద అప్పు తీర్చడానికి మనిషికి వారానికో పెన్నీ వసూలు చేద్దామన్నారు. పన్నెండు మందికో నాయకుడు. డబ్బుకోసం గుమ్మం ఎక్కినవాడికి లోపల తాగుడు, తగాదా, ఆకలి కనబడ్డాయి. వసూలు కాస్తా కాపరిపని అయిపోయింది.

పెద్ద: మిగతాదీ చెప్పు. మూడు నెలలకోసారి సభ్యత్వ టికెట్లిచ్చి, దారి తప్పినవాళ్లకు ఆపేసేవారు. అది కాపరిపనా, కాపలానా?

(రెండూ అని నా ఉద్దేశం. ఆ సంగతి వాళ్లిద్దరూ ఒప్పుకోరు.)

సోదరి: ఎవరూ గమనించకపోవడం కన్నా కాపలాయే నయం.

పెద్ద: అసలు నా భయం సిద్ధాంతం కాదమ్మా. నోళ్లు. చాలా ఏళ్ల కిందట ఇలాంటి గుంపులోనే ఒక తండ్రి కొడుకు తాగుడు గురించి ఏడుస్తూ చెప్పుకున్నాడు. చెప్పింది బుధవారం. ఆదివారానికల్లా అందరూ ఆ అబ్బాయి కోసం ప్రార్థించండి అంటున్నారు. ఒక్కరూ చాడీ చెప్పలేదు, గమనించు. అందరూ ప్రార్థన విన్నపమే చెప్పారు. ఆ కుర్రాడు మళ్లీ మన గడప తొక్కలేదు.

(ఆమె కాసేపు మాట్లాడలేదు. గుంపుల గురించి గొప్పగా చెప్పేవాళ్లు ఎక్కువగా దాటేసే చోటు ఇదే.)

సోదరి: నిజమే. కానీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమన్నాడు యాకోబు. ఎక్కడ ఒప్పుకోవాలి? మైకు ముందా?

పెద్ద: కాపరిగారి దగ్గర.

సోదరి: వందలమందికి ఆయన ఒక్కరు. పైగా ఆడవాళ్లు కొన్ని బాధలు ఆయనతో చెప్పుకోలేరు. సియోల్‌లో పాస్టరు చో యోంగి కూడా 1964లో పనిభారంతో కుప్పకూలాకే కదా, ఇళ్లలో కూటాలు స్త్రీల చేతుల్లో పెట్టాడు.

పెద్ద: ఆ కూటాలతో సంఘం ఎంత పెరిగిందో అందరూ చెబుతారు. నోరు జారి ఎంతమంది పోయారో ఎవరు లెక్కపెడతారు?

సోదరి: అందుకే ఒక నియమం రాశాను. గుంపులో విన్నది గడప దాటకూడదు, ఇంట్లో భర్తకు కూడా చెప్పకూడదు. ఎవరి విన్నపమైనా బయటికి రావాలంటే ఆ మనిషి ఒప్పుకుంటేనే రావాలి.

పెద్ద: భర్తకు కూడానా! నిలుస్తుందంటావా?

సోదరి: నిలబెట్టలేనివాళ్లని నాయకత్వంలో ఉంచం.

పెద్ద: ఆవిడ మంచం పట్టిందని ఇందాక నాకు చెప్పావు. ఆవిణ్ణి అడిగే చెప్పావా?

సోదరి: ...లేదు.

పెద్ద: చూశావా. నువ్వే ఇలా అయితే మిగతావాళ్ల మాటేమిటి? రేపు నేను వద్దనే అంటాను. ఆవిడ ఇల్లెక్కడో చెప్పు, సాయంత్రం వెళ్లొస్తాను.

సోదరి: ఆవిణ్ణి అడిగి చెబుతాను అన్నయ్యగారూ.