ఆ కొండల్లో మనుషులు కూడా ఉన్నారు

ఆసియా చిత్రకళలో కొండలు, నీళ్లు, పువ్వులు ప్రశాంతతకు గుర్తులని మీ వ్యాసంలో రాశారు. చైనా విషయంలో అది సగం మాటే అనిపించింది. సాంగ్ రాజ్యం మంగోలుల చేతిలోకి పోయాక జెంగ్ సిషియావో అనే చిత్రకారుడు ఆర్కిడ్ మొక్కను గీశాడు, కింద మట్టి లేకుండా. మట్టిని పరాయివాళ్లు దోచుకున్నాక ఇంకేం గీయను అన్నది ఆయన బాధ అని చెబుతారు. అది 1306 నాటి బొమ్మ. పువ్వు అప్పటికే జ్ఞాపకాన్ని మోస్తోంది.

ఇప్పటి చిత్రకారుల్లో యున్-ఫెయ్ జీని మీరు అసలు ప్రస్తావించలేదు, అది పెద్ద లోటు. 2009లో ఆయన త్రీ గార్జెస్ ఆనకట్ట వలస మీద చేసిన పొడవాటి చుట్ట (చుట్టి దాచుకునే పొడవాటి బొమ్మ) చూడండి. చెక్క అచ్చులతో ముద్రించినది. దూరం నుంచి పాతకాలపు కొండల బొమ్మే అనుకుంటాం. దగ్గరగా చూస్తే ఇళ్లు వదిలి సామాన్లతో బయల్దేరిన జనం కనిపిస్తారు. యాంగ్‌ట్సీ నది మీద కట్టిన ఆ ఆనకట్ట నీళ్లలో ఊళ్లు మునిగి, 12 లక్షలకు పైగా జనం వాటిని వదిలారు. అక్కడి నది లోయలు వందల ఏళ్లుగా కవులు, చిత్రకారులు పొగిడినవి. అందుకే అదే పాత శైలిలో ఆ వలసను చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. (లియు షియావోడాంగ్ అనే మరో చిత్రకారుడు కూడా ఇదే వలసను పెద్ద కాన్వాసుల మీద నూనె రంగుల్లో గీశాడు. అవీ గొప్పవే, కానీ నన్ను ఎక్కువగా కదిలించింది జీ చుట్టే.)

ఆ బొమ్మలో నీటిని చూసి ప్రశాంతత అనడానికి నాకు మనసు రాదు. దాని కింద ఊళ్లున్నాయి. వ్యాసం రెండో భాగం రాస్తే దయచేసి వీళ్ల గురించి కూడా రాయండి.