పాత అనిమే చూడనక్కర్లేదన్న మాటకు జవాబు

“2000కి ముందు వచ్చిన అనిమే జోలికి పోనక్కర్లేదు. బొమ్మలు కదలవు, సగం ఫిల్లరే. రోబో సిరీసులన్నీ ఆటబొమ్మల కంపెనీ ప్రకటనలు. ఎవాంజెలియన్‌కి చివర్లో డబ్బులైపోయాయి, కౌబాయ్ బీబాప్‌కి కథే లేదు. పైగా తెర చిన్నది, మసక. అంతగా కావాలంటే కొత్త వెర్షన్లు ఉన్నాయిగా.” అనిమే, అంటే జపాన్ యానిమేషన్, కొత్తగా మొదలుపెట్టే తెలుగువాళ్లకు ఈ సలహా ఈమధ్య బాగా అందుతోంది. ఇందులో కొంత నిజముంది, దాన్ని ఒప్పుకోవాలి. చాలా భాగం మాత్రం తప్పు. ఆ తప్పు వల్ల మంచి సిరీసులు చూడాల్సినవాళ్లకు దూరమవుతున్నాయి.

“బొమ్మలు కదలవు”

ఫిల్ముకు సెకనుకు 24 ఫ్రేములు. టీవీ అనిమేలో సాధారణంగా ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు ఉంచుతారు, అంటే సెకనుకు 8 బొమ్మలు. 1963 జనవరి 1న మొదలైన ఆస్ట్రో బాయ్‌ని వారం వారం అందించడానికి ఒసాము తెజుకా స్టూడియో ముషి ప్రొడక్షన్ ఈ పొదుపు పద్ధతిని స్థిరపరిచింది. మనిషి మాట్లాడుతుంటే నోరొక్కటే కదులుతుంది. ఒకసారి గీసిన బొమ్మలను దాచిపెట్టి మళ్లీ వాడతారు. ఇవాళ్టి టీవీ సిరీసులు కూడా ఎక్కువ భాగం మూడేసి ఫ్రేముల మీదే నడుస్తున్నాయి. కంప్యూటర్‌లో కలిపిన వెలుగులూ కెమెరా కదలికా పైన పడేసరికి మన కన్ను దాన్ని పట్టించుకోదు, అంతే తేడా. నిండుగా కదిలే బొమ్మలే కావాలనుకుంటే 1988 నాటి అకీరా ఉంది. లక్షా అరవై వేలకు పైగా సెల్స్ (బొమ్మలు గీసి రంగులు వేసే పారదర్శక పలకలు) వాడారు. డైలాగులు ముందే రికార్డు చేసి, వాటికి తగ్గట్టు పెదాలు గీశారు.

ఇక ఆగిపోయిన బొమ్మ సంగతి. దాన్ని లోపంగా చూసేవాళ్లు ఒసాము దెజాకి పని ఒక్కసారైనా చూడాలి. 1979-80లో వచ్చిన 40 ఎపిసోడ్ల రోజ్ ఆఫ్ వెర్సాయ్‌లో 19వ ఎపిసోడ్ నుంచి దర్శకత్వం ఆయనది. పాత్ర ఒక నిర్ణయానికి వచ్చిన క్షణంలో కదలిక ఆగుతుంది. మామూలు సెల్ రంగుల చోట గరుకు గీతలతో, కుంచె జాడలతో పూర్తి స్థాయి పెయింటింగ్ వచ్చి నిలుస్తుంది. ఇంకొన్నిచోట్ల ఒకే షాట్‌ని వెంటవెంటనే మూడుసార్లు వేస్తాడు. ఆ నిర్ణయం బరువు చూసేవాడి మీద పడేది ఆ ఆగడంలోనే. అదే సిరీస్ మొదటి ఎపిసోడ్లనూ 19 తర్వాతవాటినీ పక్కపక్కన పెట్టి చూస్తే దర్శకుడు మారిన సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

రోబో సిరీస్ ఎవాంజెలియన్ 22వ ఎపిసోడ్‌లో లిఫ్టు సీను కూడా ఇలాంటిదే. లిఫ్టులో అసుకా, రే, ఎవా అనే భారీ రోబోలు నడిపే ఇద్దరమ్మాయిలు. దాదాపు నిమిషం పాటు లిఫ్టు చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ తర్వాత రే నోరు విప్పి, మనసు తెరవకపోతే ఎవా కదలదంటుంది. అసుకా చెంప మీద కొట్టడంతో అది ముగుస్తుంది. ఆ నిమిషాన్ని పది సెకన్లకు కోసేస్తే ఆ చెంపదెబ్బకు కారణమే మిగలదు.

1990లలో దూరదర్శన్‌లో ఆదివారం వచ్చిన మోగ్లీ కూడా నిప్పాన్ యానిమేషన్ 1989-90లో తీసిన 52 ఎపిసోడ్ల జపాన్ సిరీసే. ఇదే సెల్ పద్ధతి, ఇదే పొదుపు. ఊళ్లో ఒక్క టీవీ ఉన్న ఇంట్లో గుమిగూడి చూసిన పిల్లలకు అదేమీ అడ్డు రాలేదు.

“ఎవాంజెలియన్‌కి డబ్బులైపోయాయి”

అయిపోయింది సమయం. 1995 అక్టోబర్ 4న మొదలై 1996 మార్చి 27న ముగిసిన ఈ సిరీస్‌కి చివరి నెలల్లో షెడ్యూలు పూర్తిగా చెయ్యి దాటిపోయింది. 25, 26 ఎపిసోడ్లలో పెన్సిల్ గీతలు, ఆగిన చిత్రాలు, తెర మీద అక్షరాలు అందుకే అంతగా కనిపిస్తాయి. ఆ తర్వాత జరిగింది చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. సిరీస్ పెద్ద హిట్టయ్యాక, కొత్త ముగింపుతో 1997 మార్చికి సినిమా వస్తుందని ప్రకటించారు. అదీ వేళకు పూర్తి కాలేదు. పాత ఎపిసోడ్ల కూర్పుకు కొత్త ముగింపులో తయారైనంత భాగం జోడించి విడుదల చేశారు. పూర్తి సినిమా ఎండ్ ఆఫ్ ఎవాంజెలియన్ జులై 19న వచ్చింది. డబ్బు ఒక్కటే సమస్య అయివుంటే హిట్టు తర్వాత ఈ ఆలస్యం ఎందుకు?

చూసేవాళ్లకు వరుస: 1 నుంచి 26 దాకా టీవీ ఎపిసోడ్లు, ఆ తర్వాతే సినిమా. 25, 26 వదిలేసి నేరుగా సినిమాకు వెళ్లమనే సలహా వినొద్దు. సినిమా బయట జరిగేది చూపిస్తుంది, ఆ రెండు ఎపిసోడ్లు కథానాయకుడు షింజీ లోపల జరిగేది చూపిస్తాయి. 21 నుంచి 24 వరకు ఎపిసోడ్లకు రెండు రూపాలున్నాయి, టీవీలో వేసినవి, వీడియో కోసం సీన్లు చేర్చినవి. సినిమా బాగా అర్థమవ్వాలంటే రెండోదే తీసుకోవాలి.

“సగం ఫిల్లరే”

ఫిల్లర్ అంటే అసలు కథలో లేకుండా కాలక్షేపానికి చేర్చిన ఎపిసోడ్లు. అది పుట్టేది ఒక్క పరిస్థితిలో. వారపత్రికలో మాంగా (జపాన్ కామిక్స్) ఇంకా నడుస్తుండగానే అనిమే ఏడాది పొడవునా ఆగకుండా రావాలి. ఒక్క ఎపిసోడ్ ఒకటికి మించి అధ్యాయాలు తినేస్తుంది, కథ అయిపోతుంది, రచయితను దాటకుండా కాలక్షేపం చెయ్యాలి. 291 ఎపిసోడ్ల డ్రాగన్ బాల్ జడ్‌లో అయిదు నిమిషాల్లో పేలిపోతుందన్న గ్రహం దాదాపు పది ఎపిసోడ్లు నిలబడింది. ఇది ఒప్పుకోవాల్సిందే. అయితే ఫిల్లర్‌కి అసలు చిరునామా 2000 తర్వాతి నరూటో. 220 ఎపిసోడ్లలో 135 దాటాక మిగిలింది దాదాపు అంతా అదే.

మాంగా వెనక పరుగెత్తాల్సిన పని లేని పాత సిరీసులకు ఈ జబ్బు లేదు. దర్శకుడు మియజాకి 1978లో తీసిన ఫ్యూచర్ బాయ్ కోనన్ 26 ఎపిసోడ్లలో ముగుస్తుంది. లెజెండ్ ఆఫ్ ది గెలాక్టిక్ హీరోస్ 1988 నుంచి 1997 దాకా 110 ఎపిసోడ్లుగా వీడియోలో వచ్చింది. దానికి ఆధారమైన యోషికి తనాకా నవలలు అప్పటికే పూర్తయి ఉండడంతో సాగదీయాల్సిన అవసరమే పడలేదు.

“బీబాప్‌కి కథే లేదు”

అంతరిక్షంలో నేరస్థులను పట్టి బతికే గుంపు కథ ఇది, 26 ఎపిసోడ్లు. స్పైక్, జెట్‌ల ఓడలో అందరూ కుదురుకోవడానికే తొమ్మిది పడుతుంది: కుక్క ఐన్ 2లో, ఫే 3లో, ఎడ్ 9లో చేరతారు. స్పైక్ గతం 5, 12-13, 25-26లో. జెట్‌ది 10, 16లో. ఫే కథ 15, 18, 24లో. మధ్యవి వదిలేసి ఈ తొమ్మిదీ పదీ చూస్తే చాలంటారు కొందరు. అలా చూస్తే చివరి రెండు ఎపిసోడ్లు తేలిపోతాయి. కలిసి తిన్నవాళ్లు, కలిసి పస్తున్నవాళ్లు విడిపోతున్నారన్న బాధ ఆ మధ్య ఎపిసోడ్లలోనే పోగవుతుంది. 18వది చూడండి. ఫేకి ఒక బీటా టేపు (పాత రకం వీడియో క్యాసెట్) వస్తుంది, అది ఆడించే మెషీను ఎక్కడా లేదు. స్పైక్, జెట్ పాడుబడ్డ మ్యూజియంలోకి దిగి నానా తిప్పలు పడి ఒకటి మోసుకొస్తారు. తీరా అది వేరే రకం క్యాసెట్లకు పనికొచ్చే వీహెచ్‌ఎస్. ఆ తిప్పలన్నీ నవ్విస్తాయి గనకే, చివరికి టేపులో ఉన్నది కనిపించినప్పుడు అంత గట్టిగా తగులుతుంది.

“రోబోలన్నీ బొమ్మల ప్రకటనలు”

డబ్బు ఆటబొమ్మల కంపెనీదే, నిజం. 1979 రోబో సిరీస్ గండమ్‌లో జీ-ఆర్మర్ అనే వాహనం కంపెనీ ఒత్తిడి వల్లే కథలోకి వచ్చింది. 1981-82 సినిమాల్లో దర్శకుడు తొమినో దాన్ని తీసేసి వేరే వాహనం పెట్టాడు. అసలు ప్రకటనగా గండమ్ ఫెయిలయింది. బొమ్మలు అమ్ముడుపోక 52 ఎపిసోడ్ల సిరీస్‌ని 43కి కుదించారు. పైగా 16వ ఎపిసోడ్‌లో ఓడకున్న పెద్ద సమస్య వంటగదిలో ఉప్పు అయిపోవడం. వంటవాడు వచ్చి ఆ మాట చెబుతాడు, యుద్ధనౌక ఉప్పు కోసం బయల్దేరుతుంది. బొమ్మలు అమ్మడానికి ఎవరూ ఇలా రాయరు.

“తెర చిన్నది, మసక”

ఇక్కడ తప్పు చాలాసార్లు మన టీవీ సెట్టింగుదే. ఈ సిరీసులు పాత టీవీల వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 4:3లో గీసినవి. 16:9 తెర నిండేలా జూమ్ చేస్తే ఎత్తులో పావు వంతు పోతుంది, తలలూ సబ్‌టైటిళ్లూ తెగుతాయి. వెడల్పు లాగితే మొహాలు మూడో వంతు ఉబ్బుతాయి. పిక్చర్ సైజును 4:3 లేదా ఒరిజినల్‌లో పెట్టండి, పక్కన నల్లపట్టీలు ఉండనివ్వండి. నాయిస్ రిడక్షన్, మోషన్ స్మూతింగ్ ఆపెయ్యండి. మొదటిది ఫిల్ము గరుకుతో పాటు సన్నగీతలనూ తుడిచేస్తుంది, రెండోది సెకనుకు 8 బొమ్మల మధ్య లేనివి కల్పించి అంచులు చెదరగొడుతుంది. 2007లో అమెరికాలో వచ్చిన డ్రాగన్ బాల్ జడ్ డీవీడీలు ఇలా కోసి, తుడిచి పెట్టినవే. అవి దొరికినా వద్దు.

సెల్ అనిమేను 16 లేదా 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు. ఆ నెగెటివ్‌ని ఇవాళ మళ్లీ స్కాన్ చేస్తే హెచ్‌డీ వస్తుంది. 2000 ప్రాంతంలో కంప్యూటర్‌కి మారిన తొలి సిరీసులు చాలావరకు అప్పటి టీవీ రిజల్యూషన్‌లోనే తయారయ్యాయి. వాటిని సాగదీయడమే తప్ప మళ్లీ స్కాన్ చేయడానికి ఫిల్మే లేదు. అందుకే 1998 నాటి బీబాప్ బ్లూ-రేలో వాటికంటే శుభ్రంగా కనిపిస్తుంది.

“కొత్త వెర్షన్ చాలు”

తీరిక లేనివాళ్లకు డ్రాగన్ బాల్ జడ్‌ని కుదించి మళ్లీ కూర్చిన డ్రాగన్ బాల్ కాయ్ మంచి దారే, సాగదీత దాదాపు సగం తగ్గింది. కానీ గోకు, పికొలో డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకు వెళ్లే 125వ ఎపిసోడ్ అందులో లేదు. మాంగాలో లేదు గనక తీసేశారు. లోకాన్ని కాపాడే ఇద్దరు బండి నడపలేక అవస్థపడే ఆ ఇరవై నిమిషాలు ఆ పాత్రలను దగ్గర చేసినంతగా చాలా పోరాటాలు చెయ్యలేదు. కాయ్ చూసినా అదొక్కటి విడిగా వెతికి చూడండి.