తమాదా అనుమతి లేకుండా గిటారా?

జార్జియావాళ్ళ విందును, అంటే సుప్రాను, తాగుబోతుల వ్యవహారం అనేవాళ్ళకు పరిపాలన తెలియదు. అక్కడ ప్రసంగం లేకుండా ఒక్క గుక్క వైన్ దిగినా క్రమశిక్షణ తప్పినట్టే. విందుకు అధ్యక్షత వహించేవాణ్ణి తమాదా అంటారు. దేవుడితోనో శాంతితోనో మొదలుపెట్టి మాతృభూమి, పోయినవాళ్ళు, తల్లిదండ్రులు, పిల్లలు అంటూ ఒక్కో అంశమే సభ ముందు పెడతాడు. ‘గౌమార్జోస్’ అన్నాకే గ్లాసులు లేస్తాయి. ఆయన ‘అలావెర్దీ’ అని ఎవరికైనా మాట అప్పగిస్తే, వాళ్ళు అదే అంశం మీద మాట్లాడాలి. (ఈ నిబంధన మన సన్మాన సభల్లో పెడితే సగం వేదిక ఖాళీ.) తమాదా అందరితో సమానంగా తాగాలి, కానీ తూలకూడదు. తూలితే పదవి పోయినట్టే.

కొత్తవాళ్ళు చిక్కుకునేది కాంత్సీ దగ్గర. అది కొమ్ముతో చేసిన పాత్ర, అడుగు చదునుగా ఉండదు. కింద పెడితే ఒలుకుతుంది కాబట్టి ఖాళీ చేయాల్సిందే. క్వెవ్రీలనే పెద్ద మట్టి జాడీలను నేలలో పాతిపెట్టి, తూర్పు జార్జియాలోని కాఖేతీ పద్ధతిలో తొక్కలతో సహా నెలల తరబడి పులియబెట్టిన అంబర్ రంగు వైన్ అయితే టీ డికాషన్‌లా నాలుక పట్టేస్తుంది. మధ్యమధ్య ఖాచపురి అనే చీజ్ రొట్టె తినడం నేరం కాదు, వివేకం.

పాట కూడా ఈ పాలనలో భాగమే. కాఖేతీ బల్లపాటలో ఇద్దరు పైస్వరాలు పాడతారు, మిగతా సభ్యులంతా ‘బనీ’ అనే కింది స్వరాన్ని పట్టుకుని ఉంటారు. భిన్నాభిప్రాయానికి చోటు లేని ఆదర్శ సభ. ఇలాంటి ‘చాక్రులో’ పాటనే 1977లో వాయేజర్‌తో అంతరిక్షానికి పంపారు. గ్లాసు మాత్రం పంపలేదు. ఇది దౌత్యలోపం.

ఇక ఈ పాటకు గిటారు, డ్రమ్ములు తగిలించే జానపద రాక్. జార్జియా గాయకుడు నియాజ్ దియాసమిద్జే తన 33ఎ బృందంలో పాందూరి మోగిస్తే బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాం. కానీ మూడు తీగల ఆ చిన్న వాద్యం మోత డ్రమ్ముల ముందు నిలవదు. శబ్దం పెంచితే స్పీకర్ మోతకు దాని డొల్ల కంపించి కూత పెడుతుంది. కింది శ్రుతులు తగ్గించి, వాయించేవాణ్ణి స్పీకర్‌కు దూరంగా, పక్కకు జరపాలి. అసలు అన్యాయం వేరే ఉంది. బాస్ గిటార్ వస్తే బనీ పాడేవాళ్ళకు ఉద్యోగాలు పోతాయి. పాత గాయకులు పాశ్చాత్య సంగీతపు మేజర్‌కూ మైనర్‌కూ మధ్య ఎక్కడో నిలిపే గాంధారాన్ని, మెట్లు బిగించిన గిటార్ ఏదో ఒక పక్షంలో చేర్చేస్తుంది.

కనుక మా డిమాండ్ ఒక్కటే: సుప్రాలో ఆంప్లిఫయర్ స్విచ్, వైన్ పోసే మెరికిపే చేతికి అందేంత దూరంలో ఉండాలి. తమాదా లేచి నిలబడగానే నొక్కేయవచ్చు.